హ్యాండోవర్ లెటర్ మీద తొందరపడి సంతకం పెట్టకండి

పనులు సగంలో ఉన్న గేటెడ్ కమ్యూనిటీలో ఇల్లు కొన్నవాళ్లు, ముఖ్యంగా కొత్తగా అసోసియేషన్ కమిటీలోకి వచ్చినవాళ్లు దయచేసి ఇది చదవండి. బిల్డరు ఒక పేజీ హ్యాండోవర్ (అప్పగింత) లెటర్ తెచ్చి, "మెయింటెనెన్స్ మీరు తీసుకోండి, మిగిలిన చిన్నాచితకా పనులు మేం చేసిపెడతాం" అంటాడు. అందులో "కామన్ ఏరియాలన్నీ మంచి స్థితిలో స్వాధీనం చేసుకున్నాం" అనే వాక్యం ఉంటుంది. సంతకం పడిన మర్నాటి నుంచి కాలిపోయిన మోటారు, పొంగే మ్యాన్‌హోలు, జనరేటరు డీజిలు అన్నీ ఇళ్లవాళ్ల నెత్తినే పడతాయి. తర్వాత రెరాకు (బిల్డర్ల మీద ఫిర్యాదులు వినే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థకు) వెళ్తే బిల్డరు చూపించే మొదటి కాగితం కూడా అదే.

2016 రెరా చట్టం ప్రకారం అసోసియేషన్ బాధ్యత తీసుకునేదాకా అవసరమైన సేవలన్నీ న్యాయమైన చార్జీకి నడపాల్సింది బిల్డరే. స్థానిక చట్టం వేరే గడువు చెప్పకపోతే, కంప్లీషన్ సర్టిఫికెట్ (నిర్మాణం పూర్తయిందనే ధృవపత్రం) వచ్చిన 30 రోజుల్లో ప్లాన్లు, కాగితాలు ఇవ్వాలి. ఓసీ (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అంటే ఇళ్లలో ఉండొచ్చనే అనుమతి పత్రం) వచ్చిన 3 నెలల్లో కామన్ ఏరియాల హక్కు అసోసియేషన్ పేరున రిజిస్టర్ చేయాలి. కాబట్టి ముందు ఓసీ కాపీ అడగండి. ఏ బ్లాకులకు వచ్చిందో చూడండి. రెండు బ్లాకులకు వచ్చిన ఓసీని మొత్తానికి వచ్చినట్టు చెప్పడం మామూలే.

అన్నిటికన్నా పెద్ద మోసం ఫేజుల (ప్రాజెక్టును విడతలుగా కట్టే దశల) దగ్గర జరుగుతుంది. ఒకే గేటు, ఒకే బ్రోచరు అయినా రెరాలో ఒక్కో ఫేజుకూ వేరే రిజిస్ట్రేషన్ ఉంటుంది. క్లబ్‌హౌసును, మురుగు శుద్ధి ప్లాంటును చివరి ఫేజులో చూపిస్తే, మొదటి ఫేజువాళ్లు అడిగినప్పుడల్లా "ఇంకా గడువుంది" అనే జవాబే వస్తుంది. కొనేముందే రెరా వెబ్‌సైటులో ప్రతి ఫేజు నంబరూ తెరిచి, ఏ సౌకర్యం ఎందులో ఉందో, పూర్తి చేసే తేదీ ఏమిటో చూడండి. బిల్డరు మూడు నెలలకోసారి అక్కడ పెట్టే పురోగతిని నిర్మాణ స్థలంలో జరిగిన పనితో పోల్చండి. అగ్రిమెంటులో "ప్లాను మార్పులకు ముందస్తు అంగీకారం" లాంటి క్లాజు ఉంటే కొట్టేయించండి. కామన్ ఏరియాలు మార్చాలంటే కొన్నవాళ్లలో మూడింట రెండొంతుల మంది రాతపూర్వక అంగీకారం కావాలని చట్టమే చెబుతోంది.

మురుగు ప్లాంటు లెక్క మీరే వేసుకోవచ్చు. మనిషికి రోజుకు 135 లీటర్లు, ఇంటికి ఐదుగురు, అందులో 80 శాతం మురుగు. 300 ఇళ్లకు దాదాపు 162 కిలోలీటర్లు. ప్లాంటు 100 కిలోలీటర్లదే అయితే ఇళ్లు నిండిన రోజు పొంగుతుంది. ఇళ్లు సగమే నిండినప్పుడు సమస్య వేరు: మురుగు చాలక బ్యాక్టీరియా నిలబడదు, ప్లాంటు పేరుకు మాత్రమే తిరుగుతుంది. అందుకే శుద్ధయిన నీటిని ల్యాబులో పరీక్ష చేయించండి. కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చే అనుమతుల్లో కట్టడానికి ఇచ్చేది వేరు, నడపడానికి ఇచ్చేది వేరు. రెండోది లేకుండా తీసుకోకండి.

కరెంటు కనెక్షన్ ఇంకా నిర్మాణం పేరున తాత్కాలికంగానే ఉందేమో బిల్లు చూస్తే తెలుస్తుంది. ఫైర్ పంపులను గదిలో తిప్పి చూపిస్తే ఒప్పుకోకండి, అన్నిటికన్నా దూరంలో, ఎత్తులో ఉన్న హైడ్రెంటు (మంటలార్పే నీటి కుళాయి) తెరిపించి చూడండి. రెండో ఫేజు లారీలు మీ రోడ్డు మీదే తిరుగుతుంటే రోడ్డు మాత్రం ఇప్పుడే తీసుకోవద్దు.

డబ్బు విషయంలో కార్పస్ ఫండు (పెద్ద ఖర్చుల కోసం కొన్నవాళ్ల దగ్గర ముందే తీసుకునే నిధి), ముందే కట్టించుకున్న మెయింటెనెన్స్, రెండిటికీ ఆడిట్ చేసిన లెక్క కావాలి. అమ్ముడుపోని ఇళ్లకు మెయింటెనెన్స్ బిల్డరే కట్టాలని బైలాలో (అసోసియేషన్ నియమావళిలో) రాయించండి. అది లేకపోతే ఖాళీ ఇళ్ల ఖర్చు కూడా ఉన్నవాళ్లే మోస్తారు.

ఇంకొకటి చాలామందికి తెలియదు. స్ట్రక్చర్, పనితనం లోపాలకు ఉన్న 5 ఏళ్ల బాధ్యత మీకు ఇల్లు అప్పగించిన రోజు నుంచి లెక్క. కాలనీ పూర్తికాలేదని ఇల్లు తాళం వేసి ఉంచినా ఆ గడువు కరిగిపోతూనే ఉంటుంది. లీకేజీ, పగులు కనిపించిన వెంటనే తేదీ వేసి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. చేయకపోతే అసోసియేషన్ పేరుతోనే రెరాలో ఫిర్యాదు వేయవచ్చు.

సంతకం తప్పనిసరి అనుకుంటే ముందు సొంత ఇంజనీరుతో, బిల్డరు మనిషిని పక్కన పెట్టుకుని తిరిగి, ఫొటోలతో లోపాల జాబితా చేయండి. లెటర్‌లో "జతచేసిన జాబితాలోని పనులు మినహా" అని రాయించి, ప్రతి పనికీ తేదీ వేయించి, జాబితాలో ప్రతి పేజీ మీదా ఇద్దరూ సంతకాలు పెట్టండి.