మా అబ్బాయి మందు మానడంలో ఆ చార్టు ఎంత పనిచేసింది

ఇంటర్ మొదటి ఏడాదిలో మావాణ్ని కోనసీమలోనే ఒక డీఅడిక్షన్ సెంటర్‌లో చూపించాం. మందులు, కౌన్సెలింగ్ గురించి రాయను, అవి అంతటా ఉండేవే. వాళ్లు వేయించిన చార్టుకి మాత్రం నేను చేతులెత్తి దండం పెడతాను.

తెల్లకాగితం మధ్యలో పిల్లాడి పేరు రాస్తారు. చుట్టూ వాడు తిరిగే గుంపులు: కాలేజీ బ్యాచ్, కాలవగట్టు బ్యాచ్, బంధువులు, వాట్సాప్ గ్రూపులు. ఏ గుంపులో తాగేవాళ్లు ఎక్కువో దానికి ఎర్ర రంగు. మావాడి కాగితం దాదాపు ఎర్రబడిపోయింది. మిగిలింది నాయనమ్మ, హైస్కూల్లో వాలీబాల్ నేర్పిన పీఈటీ మాస్టారు. "మానేస్తే మా బ్యాచ్‌లో నేనెవర్నమ్మా?" అన్నాడు. వాడి భయమేంటో నాకు తెలిసింది అప్పుడే. తాగే గుంపులో మనిషిననుకునేవాడు కోలుకునే గుంపులో మనిషిననుకోవడమే మార్పు అని వ్యసనాల నుంచి కోలుకోవడం మీద పనిచేసే డేవిడ్ బెస్ట్, తోటి పరిశోధకులు 2016లోనే రాశారట.

సంక్రాంతి వచ్చింది. భోగి నాడు బైకులు గుమ్మంలో ఆగాయి. "బరి దాకా రారా, తాగమని ఎవడన్నాడు?" అన్నారు. రాత్రికి తూలుతూ వచ్చాడు. ఫోన్ చేస్తే కౌన్సెలర్ తిట్టలేదు, పండగవగానే రమ్మని మళ్లీ చార్టు వేయించారు. ఈలోపు ముక్కనుమ నాడు మాస్టారే ఇంటికొచ్చి, "మాకు లిఫ్టర్ లేడు, పద" అని వాలీబాల్ మ్యాచ్‌కి తీసుకెళ్లారు. లిఫ్టర్ అంటే స్మాష్ కొట్టేవాడికి బంతి ఎత్తి ఇచ్చేవాడు. ఇప్పుడు ఊళ్లో వాణ్ని లిఫ్టర్ అనే పిలుస్తున్నారు. ఆ పిలుపు వినబడితే నాకు కడుపు నిండినట్టుంటుంది.

అయితే గెలిచిన రాత్రి ఆ టీమ్‌లోనూ పెద్దవాళ్లు బీర్లు తెరుస్తారు. అప్పుడు మాస్టారు వాణ్ని తన బండి మీద ఇంటి దగ్గర దింపేస్తారు. అలాంటి మనిషి లేని ఊళ్లో చార్టు ఎంతవరకు ఆదుకుంటుందో చెప్పలేను. సెంటర్ వాట్సాప్ గ్రూపులో అందరూ నడివయసు వాళ్లే. వాళ్ల కష్టాలు మావాడికి పట్టలేదు, మ్యూట్ చేసేశాడు. అలటీన్ అనే సహాయక బృందం పేరు విని వెతికేవాళ్లకి ఒక మాట: అది తాగే పిల్లలకి కాదు, ఇంట్లో ఇంకొకరి తాగుడు వల్ల నలిగే పిల్లలకి.

రోజూ తాగి, పొద్దున చేతులు వణికే పిల్లాడైతే ముందు డాక్టరు దగ్గరికే. ఉన్నట్టుండి మానేస్తే ఫిట్స్ రావచ్చు. ఎక్కడికెళ్లాలో తెలియకపోతే జాతీయ డీఅడిక్షన్ హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చేయండి, ఉచితం.

వాడు ఈ జూన్‌లో కాకినాడ హాస్టల్‌కి వెళ్తున్నాడు. అక్కడ లిఫ్టర్‌గా వాణ్ని ఎవరూ ఎరగరు. చేరిన నెలలోనే కొత్త చార్టు వేయించాలని కౌన్సెలర్‌తో మాట్లాడి పెట్టాను.