లిల్-సుర్-లా-సోర్గ్‌కా, బ్రాంతోమ్‌కా?

ఫ్రాన్స్‌లో ఏటి ఒడ్డు సంత చూడాలంటే నా ఓటు లిల్-సుర్-లా-సోర్గ్ అనే ఊరికే. దక్షిణ ఫ్రాన్స్‌లోని అవిన్యోన్ నగరం నుంచి రైల్లో అరగంట. ఆదివారం పొద్దున్నే వెళ్తే కూరగాయలు, ఆలివ్‌లు, లావెండర్, వాటి పక్కనే పాత సామాన్ల అంగళ్లు, నాచు పట్టి ఇంకా తిరుగుతున్న నీటి చక్రాలు, ఏడు కిలోమీటర్ల అవతల కొండ అడుగున పుట్టి పచ్చగా పారే సోర్గ్ నీళ్లు, అన్నీ నడిచే దూరంలోనే. కాకపోతే పది దాటితే జనం తోసుకుంటారు.

నైరుతి ఫ్రాన్స్‌లోని బ్రాంతోమ్ ఊళ్లో సంత శుక్రవారం. ద్రోన్ నది ఊరిని చుట్టుకుని పారుతుంది, పక్కనే పాత మఠం, ఎంతో ప్రశాంతం. కానీ రైలు లేదు, కారు కావాలి. బాతు మాంసం ఎక్కువ. శాకాహారులకు అక్రోట్లు, మేకపాల చీజ్ ఉంటాయి. పిల్లలతో, తీరిగ్గా అయితే ఇక్కడికే వెళ్లండి.