ఐఈపీ: నా మార్కులన్నీ సమీక్ష మీటింగ్‌కే

ఐఈపీ అంటే ఒక్కో బిడ్డకి తగ్గట్టు విడిగా లక్ష్యాలు రాసే ప్రణాళిక అని, 2016 నాటి దివ్యాంగుల చట్టంలో ఆటిజం కూడా ఉందని ఆటిజం పిల్లలున్న ఇళ్లలో ఈపాటికి తెలిసే ఉంటుంది. నేను చెప్పేది మూడు నెలలకోసారి మమ్మల్ని కూర్చోబెట్టి, ఏ లక్ష్యం ఎంతవరకు వచ్చిందో చూసే మీటింగ్ గురించే. దానివల్ల మా ఇంటికి జరిగిన మేలు ఇంక దేనివల్లా జరగలేదు.

మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బయట ఒడియా. ప్రణాళిక ఇక్కడే ఒక ప్రైవేటు సెంటర్లో రాశారు. బాబుకి అప్పుడు నాలుగేళ్లు, మాటలు లేవు. బొమ్మ కార్డు చేతికిచ్చి నీళ్లు అడగాలన్నది మొదటి లక్ష్యం. సెంటర్లో అది ఎంతకీ రాలేదు. సమీక్ష మీటింగ్‌లో సెంటర్ మేడమ్ 'రాలేదు' అని రాయబోతుంటే మా అత్తయ్య అందుకున్నారు: "అదేటమ్మా, ఇంట్లో చెంబు తెచ్చి నా ఒళ్లో పెడతాడు కదా!"

మేడమ్ రాయడం ఆపేశారు. ఏ చెంబు, ఎక్కడ ఉంటుంది, ఎవరి దగ్గరికి తెస్తాడు, అన్నీ అడిగారు. వాళ్ల కార్డు మీద ఉన్నది గాజు గ్లాసు. మావాడు గాజు గ్లాసుతో ఎప్పుడూ తాగలేదు. ఒకచోట వచ్చిన పని ఇంకోచోట చేయడం ఈ పిల్లల్లో చాలామందికి కష్టమట. మర్నాడే మా స్టీలు చెంబు ఫోటోతో కార్డు చేశారు. కొద్దిరోజుల్లోనే బాబు దాన్ని తెచ్చి మేడమ్ చేతిలో పెట్టాడు! తర్వాత గ్లాసు ఫోటో, ఆపైన గీసిన బొమ్మ, మెల్లగా మార్చుకుంటూ వెళ్లారు. బడి మొహం చూడని మా అత్తయ్య మాట ప్రణాళికలోకి ఎక్కిందని ఇంటిల్లిపాదీ ఎంత సంతోషించామో.

అప్పట్లో సెంటర్ బాగుందని కనిపించిన వాళ్లందరికీ చెప్పాను. బాగా చూసింది ఆ మేడమ్ అని ఇప్పుడు చెప్పాలి. ఆవిడ బరంపురం వెళ్లిపోయాక వచ్చిన కాగితంలో 'రంగుల పేర్లు చెబుతాడు' అని ఉంది. మాటలు రాని పిల్లాడికి! పక్క పాప కాగితంలోనూ అవే వాక్యాలు. నేను సంతకం పెట్టలేదు.

మాకు అత్తయ్య ఉన్నారు, సెంటర్‌కి నడిచి వెళ్లిపోతాం. కాశీనగర్ వైపు నుంచి కూలి మానుకుని వచ్చే తల్లికి ఆ మీటింగే భారం, ఫోన్లో మాట్లాడే సెంటరైతేనే వాళ్లకు పనికొస్తుంది. చేర్చే ముందు పేరు కప్పి పాత సమీక్ష కాగితం ఒకటి చూపించమనండి. ఇంట్లోవాళ్లు చెప్పినది అందులో రాశారో లేదో చూడండి. మా కాగితం తిరగరాస్తామన్నారు. పళ్లు తోముకోవడం అందులో ఉండాలని నేనూ అత్తయ్యా రాసిచ్చాం.