‘లోకల్ ఛానల్ లైసెన్సు ఇప్పిస్తాం’ ప్యాకేజీ: ఐదుకి రెండు మార్కులు

విశాఖలో టీవీ ఛానల్ పెట్టాలనుకుంటున్నామని నలుగురి చెవిన పడితే చాలు, ‘లైసెన్సు సంగతి మాకొదిలేయండి సార్, మీరు కెమెరాలు చూసుకోండి’ అంటూ ఒక కన్సల్టెంట్ దిగుతాడు. ఆయన అమ్మే ప్యాకేజీలో సాధారణంగా ఉండేవి ఇవి: ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ రిజిస్ట్రేషన్, ఉద్యమ్ సర్టిఫికెట్, లోగో, యూట్యూబ్ ఛానల్, మెడలో వేసుకోవడానికి ప్రెస్ కార్డులు, మైకుకి లోగో తొడుగు. ఈ సమీక్ష ఏ ఒక్క ఆఫీసు గురించీ కాదు. ప్యాకేజీ అనే ఆ సరుకు గురించి.

కంపెనీ కాగితాలు చాలామంది సక్రమంగానే చేసిపెడతారు, ఆ రెండు మార్కులూ వాటికే. మిగతా మూడు పోవడానికి కారణం ఒక్కటే. పై జాబితాలో టీవీలో ఛానల్ నడపడానికి కావలసిన అనుమతి ఒక్కటి కూడా లేదు.

ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం. పోర్టల్‌లో ఆధార్, పాన్‌తో ఎవరికి వారు చేసుకోవచ్చు. అది చిన్న పరిశ్రమగా గుర్తింపే తప్ప ప్రసారాలకు అనుమతి కాదు. యూట్యూబ్‌లో వార్తలు చెప్పేవాళ్లు 2021 ఐటీ నియమాల్లోని 18వ నియమం కింద కేంద్ర సమాచార, ప్రసార శాఖకు తమ వివరాలు పంపాలి. అది సమాచారం ఇవ్వడమే, దానికి లైసెన్సు అంటూ ఏదీ రాదు. ఇక ప్రెస్ కార్డు సంగతి. విలేకరిగా గుర్తింపు, అంటే అక్రిడిటేషన్, ఇచ్చేది ప్రభుత్వం. కన్సల్టెంట్ ల్యామినేట్ చేసిచ్చే కార్డు మీ కంపెనీ ఐడీ కార్డు, అంతే. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఛానల్ ఏ బాక్సులో వస్తుందో తేలకముందే మైకుకి లోగో తయారవుతుంది.

రిజిస్ట్రేషన్ ఎవరి పేరు మీద?

ప్యాకేజీలో ఎవరూ చెప్పనిది ఇదే. లోకల్ ఛానళ్ల తగాదాలకు మూలమూ ఇదే.

ఒకప్పుడు కేబుల్ ఆపరేటర్ తన కంట్రోల్ రూములో ఒక మాడ్యులేటర్, ఒక డీవీడీ ప్లేయర్ పెట్టుకుంటే లోకల్ ఛానల్ పుట్టేసేది. ఖాళీ ఫ్రీక్వెన్సీ మీద వదిలేస్తే వీధి వీధంతా చూసేది. విశాఖలో ఆ రోజులకు తెరదించడానికి పెట్టిన గడువు 2013 మార్చి 31. కేబుల్ డిజిటలీకరణ రెండో దశలో దేశవ్యాప్తంగా ఎంపిక చేసిన 38 నగరాల్లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి ఉన్నవి హైదరాబాద్, విశాఖపట్నం. సెట్‌టాప్ బాక్సు వచ్చాక సిగ్నల్‌కి తాళం వేసేది (ఎన్‌క్రిప్ట్ చేసేది) ఎంఎస్‌వో, అంటే వీధి ఆపరేటర్లకు ఛానళ్లు అందించే పెద్ద కేబుల్ సంస్థ, తన హెడ్‌ఎండ్ అనే ప్రధాన కంట్రోల్ కేంద్రంలోనే. వీధి ఆపరేటర్, అంటే ఎల్‌సీవో, మధ్యలో సొంత ఛానల్ దూర్చలేడు, దూర్చకూడదు కూడా. ఛానల్ అక్కడ దాకా వెళ్లి, అక్కడి నుంచే రావాలి.

హెడ్‌ఎండ్ నుంచి వచ్చే ఇలాంటి ఛానళ్లకు ప్రభుత్వం పెట్టిన పేరు ‘ప్లాట్‌ఫాం సర్వీసెస్’, వాడుకలో పీఎస్. ఎంఎస్‌వోల కోసం 2022 నవంబర్ 30న వచ్చిన మార్గదర్శకాల ప్రకారం పీఎస్ ఛానల్‌కి ఆన్‌లైన్‌లో రిజిస్ట్రేషన్ చేయించాలి. రుసుము ఛానల్‌కి 1,000 రూపాయలు, ఒక్కసారే. దరఖాస్తు చేయాల్సింది ఎంఎస్‌వో. స్టూడియో మీది, యాంకర్లు మీవాళ్లు, పేరు మీరు పెట్టినది, అప్పు మీరు తెచ్చినది, రిజిస్ట్రేషన్ మాత్రం ఆయనది.

గాజువాకలో ఒకాయన స్టూడియో కట్టి రెండేళ్లు ఛానల్ నడిపాడనుకుందాం. ప్రకటనల వాటా దగ్గర ఎంఎస్‌వోతో చెడింది. మర్నాడు అదే నంబరు మీద, దాదాపు అదే పేరుతో వేరేవాళ్ల కార్యక్రమాలు వస్తాయి. ‘నా లైసెన్సు’ అని ఆయన చూపించేవి కంపెనీ సర్టిఫికెట్, ఉద్యమ్ కాగితం. అవి చూసి ఎవరూ ఛానల్ తిరిగి పెట్టించలేరు. ఇంకో ఎంఎస్‌వో దగ్గరికి వెళ్లొచ్చు. కానీ అక్కడ కొత్త రిజిస్ట్రేషన్, కొత్త నంబరు, కొత్త చందాదారులు. ఒకేసారి ఇద్దరికీ ఇద్దామంటే అదీ కుదరదు. పీఎస్ కార్యక్రమాలు ఆ ఎంఎస్‌వోకే పరిమితమై ఉండాలి, మరో పంపిణీదారుతో నేరుగా గానీ చాటుగా గానీ పంచుకోకూడదు. గుళ్లు, గురుద్వారాల వంటి చోట్ల నుంచి వచ్చే ప్రత్యక్ష ప్రసారాలకు మాత్రం మినహాయింపు ఉంది. సింహాచలం చందనోత్సవం గుడి నుంచి లైవ్ వస్తే ఇద్దరూ వేసుకోవచ్చు. ఆర్కే బీచ్‌లో నౌకాదళ విన్యాసాలకు ఆ వెసులుబాటు లేదు.

ఎంఎస్‌వోను ఎంచుకునే ముందు చూడాల్సినవి

స్థానిక వార్తలు, వర్తమాన వ్యవహారాలు పీఎస్ మీద వేయాలంటే ఆ ఎంఎస్‌వో కంపెనీగా రిజిస్టరై ఉండాలి. ఇక్కడే ఒక పొరపాటు జరుగుతుంది. కన్సల్టెంట్ మీకు కంపెనీ పెట్టిస్తాడు, పని అయిపోయిందంటాడు. అవతల ఎంఎస్‌వో సొంత పేరుతో వ్యాపారం చేసే వ్యక్తి అయితే మీ కంపెనీ వల్ల ఒరిగేదేమీ లేదు. ముందు అడగాల్సింది ఆయన కంపెనీ గుర్తింపు సంఖ్య.

రెండోది గడువు. ఎంఎస్‌వో రిజిస్ట్రేషన్ పదేళ్లకు, రుసుము లక్ష రూపాయలు. పొడిగింపు దరఖాస్తు గడువు తీరడానికి 7 నెలల ముందు నుంచి 2 నెలల ముందు లోపల వేయాలి. సర్టిఫికెట్ కాపీ తీసుకుని తేదీ చూడండి. ఎనిమిది నెలల్లో ముగిసేదైతే పొడిగింపు ఎవరు, ఎప్పుడు వేస్తారన్నది మీ ఒప్పందంలోకి ఎక్కాలి.

మూడోది కోటా. ఎంఎస్‌వో మోయగలిగే మొత్తం ఛానళ్లలో 5 శాతానికి మించి పీఎస్‌లు ఉండకూడదు, లెక్క రాష్ట్రం మొత్తానికి. 400 ఛానళ్లు మోయగలవాడికి 20. దానికి తోడు జిల్లాకి రెండేసి అదనం. పాత, భక్తి, సినిమా పీఎస్‌లతో కోటా నిండిపోయి ఉంటే మీకు మిగిలేది జిల్లా కోటాలోని ఆ రెండే.

జిల్లా అనగానే విశాఖలో ఇంకో చిక్కు. 2022 ఏప్రిల్ 4 నుంచి పాత విశాఖ జిల్లా మూడైంది: విశాఖపట్నం, అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు. అనకాపల్లి పట్టణం విశాఖ నగరపాలక సంస్థ జీవీఎంసీలో ఉంది, జిల్లా మాత్రం వేరు. ‘జీవీఎంసీ అంతటా వస్తుంది’ అని ప్రకటనలు అమ్మేసి, ఛానల్‌ని విశాఖ జిల్లా కోటాలో వేయిస్తే అనకాపల్లి దుకాణదారుడికి ఏం చెబుతారు? దరఖాస్తు పెట్టకముందే, ఏ కోటాలో వేస్తున్నారో అడిగి రాయించుకోండి.

ఒప్పందంలో ఏం ఉండాలి

ప్యాకేజీతో వచ్చే ‘అగ్రిమెంట్’ సాధారణంగా రెండు పేజీలు: నెలకి ఇంత, ఛానల్ నంబరు ఇది, సంతకాలు. తగువు వచ్చిన రోజున ఆ రెండు పేజీలూ ఎందుకూ కొరగావు.

పేరు, లోగో ఎవరివో మొదటి క్లాజులోనే రాయాలి, ట్రేడ్‌మార్క్ దరఖాస్తు మీ పేరు మీదే వేయాలి. ప్రసారాలకు 38వ తరగతి, కార్యక్రమాల తయారీకి 41వ తరగతి. చిన్న సంస్థకి ఆన్‌లైన్‌లో తరగతికి 4,500 రూపాయలు, మిగతా కంపెనీలకు 9,000. ఉద్యమ్ సర్టిఫికెట్ నిజంగా పనికొచ్చేది ఇక్కడ, రుసుము సగానికి తగ్గుతుంది. ఆంధ్రప్రదేశ్ దరఖాస్తులు చూసేది చెన్నై రిజిస్ట్రీ. ట్రేడ్‌మార్క్ జర్నల్‌లో ప్రచురించాక అభ్యంతరాలకు నాలుగు నెలల గడువు ఉంటుంది కాబట్టి ఛానల్ మొదలయ్యే రోజుకి రిజిస్ట్రేషన్ చేతికి రాదు. దరఖాస్తు తేదీ ముఖ్యం.

ఆపేసే ముందు నోటీసు ఎన్ని రోజులో రాయాలి. ఎంఎస్‌వో, ఎల్‌సీవోల మధ్య సిగ్నల్ తెంచాలంటే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఇంటర్‌కనెక్షన్ నియమాల్లో మూడు వారాల నోటీసు ఉంది. కార్యక్రమాలు తయారుచేసిచ్చే మీకు ఆ రక్షణ దానంతటది రాదు. 90 రోజులు అడగండి, 60కి ఒప్పుకోండి.

తగువు ఎక్కడ తేలాలన్నది మూడోది, కన్సల్టెంట్లు అసలు ముట్టుకోనిదీ ఇదే. ప్రసార సేవలందించే వాళ్ల మధ్య తగాదాలు ఢిల్లీలోని టెలికాం వివాదాల ట్రైబ్యునల్ టీడీశాట్ చూస్తుంది. ఎల్‌సీవోగా రిజిస్టరై, ఎంఎస్‌వోతో ఇంటర్‌కనెక్షన్ ఒప్పందం ఉన్నవాడు ఆ గడప ఎక్కగలడు. ఉత్త స్టూడియో ఉన్నవాడు ఆ చట్టం లెక్కలో ‘సర్వీస్ ప్రొవైడర్’ అనిపించుకోవడం కష్టం. అప్పుడు మిగిలేది సివిల్ దావా, లేదా ముందే రాసుకుంటే మధ్యవర్తిత్వం. మధ్యవర్తిత్వం విశాఖపట్నంలోనే జరగాలని ఒక్క వాక్యం రాయిస్తే ఢిల్లీ రైలు టికెట్లు మిగులుతాయి.

ఎల్‌సీవో రిజిస్ట్రేషన్ కూడా ఇప్పుడు తేలికైంది. ఒకప్పుడు హెడ్ పోస్టాఫీసులో 500 రూపాయలు కట్టి ఏటా పొడిగించుకునేవారు. 2025 జనవరి 17 నుంచి పూర్తిగా బ్రాడ్‌కాస్ట్ సేవా పోర్టల్‌లోనే. 5,000 రూపాయలు, ఐదేళ్లు, దేశమంతటా చెల్లుతుంది. పొడిగింపు దరఖాస్తు కనీసం 90 రోజుల ముందు వేయాలి. తిరస్కరిస్తే అప్పీలుకి 30 రోజులు. వివరాలు ఆధార్, పాన్‌తో సరిచూస్తారు కాబట్టి మనవాళ్లకు అడ్డం పడేది ఇంటిపేరు: ఆధార్‌లో పూర్తిగా, పాన్‌లో ఒక్క అక్షరంగా ఉంటుంది. దరఖాస్తుకి ముందే రెండూ ఒకలా చేయించండి. దీనికి కన్సల్టెంట్ అక్కర్లేదు.

రికార్డింగ్: అందరూ పట్టుతప్పే చోటు

పీఎస్‌లో వేసిన ప్రతి కార్యక్రమం రికార్డింగు 90 రోజులు దాచాలి. బాధ్యత ఎంఎస్‌వోది, కానీ ఒప్పందంలో దాన్ని మీ నెత్తిన పెట్టడం మామూలే. లెక్క ఇలా: 2 ఎంబీపీఎస్ స్ట్రీమ్ అయితే రోజుకి 21.6 జీబీ, 90 రోజులకి సుమారు 1.95 టీబీ. 4 ఎంబీపీఎస్ అయితే 3.9 టీబీ. నాలుగు టీబీ డిస్కు అంచుల దాకా నిండిపోతుంది కాబట్టి ఆ రేటుకి 6 టీబీవి రెండు, ఒకదానికొకటి నకలుగా పెట్టాలి. ఒకే డిస్కు పెట్టి, అది పాడైన రోజునే కలెక్టరేట్ నుంచి ఫుటేజీ అడిగితే జవాబుండదు.

తప్పు జరిగేది ఇంకో చోట. చాలామంది స్టూడియోలో కార్యక్రమాలు వదిలే ప్లేఅవుట్ కంప్యూటర్‌లోనే రికార్డు చేస్తారు. తెర మీద తప్పనిసరిగా కనిపించాల్సిన ‘ప్లాట్‌ఫాం సర్వీసెస్’ అనే అక్షరాలు హెడ్‌ఎండ్‌లో వేస్తుంటే అవి ఈ రికార్డులో ఉండవు. ఫిర్యాదు వచ్చినప్పుడు అక్షరాలు వేశామని చూపించడానికి ఏమీ ఉండదు. సెట్‌టాప్ బాక్సు అవుట్‌పుట్ నుంచి, గడియారం అంకెలతో సహా రికార్డు చేయాలి. ఆ గడియారం ఇంటర్నెట్ సమయంతో కలిసి ఉండాలి.

స్టూడియో నుంచి హెడ్‌ఎండ్‌కి వెళ్లే ఫైబర్ ఎవరు బాగుచేయాలో కూడా రాసుకోండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఈ ఊళ్లో స్తంభాలకేమైందో చూసినవాళ్లకి ఫైబర్‌కి రెండో దారి ఎందుకో చెప్పక్కర్లేదు.

సినిమాల గురించి ఒక్క మాట. కొత్త సినిమా హక్కుల్లేకుండా వేస్తే కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కింద ఆర్నెల్ల నుంచి మూడేళ్ల జైలు, 50,000 నుంచి 2 లక్షల దాకా జరిమానా. ‘లోకల్ ఛానలే కదా’ అన్న మినహాయింపు ఆ సెక్షన్లో లేదు.

‘శాటిలైట్’ ప్యాకేజీ

ఖరీదైన ప్యాకేజీ పేరు ఇది. ఉపగ్రహానికి ఛానల్ పంపడం, అక్కడి నుంచి దించుకోవడం మీద 2022 నవంబర్‌లో వచ్చిన అప్‌లింకింగ్, డౌన్‌లింకింగ్ మార్గదర్శకాల ప్రకారం మొదటి వార్తా ఛానల్‌కి 20 కోట్ల నికర విలువ ఉన్న కంపెనీ కావాలి, వార్తలు కానిదానికి 5 కోట్లు. ఆపైన హోం శాఖ భద్రతా అనుమతి. మలయాళ ఛానల్ మీడియావన్‌కి ఆ అనుమతి లేదంటూ 2022 జనవరి 31న పొడిగింపు నిరాకరించారు. కారణాలు సీల్డు కవర్లో పెట్టి కోర్టుకిచ్చారు. ఆ ఉత్తర్వును 2023 ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు కొట్టేసింది. ఏళ్లుగా నడుస్తున్న ఛానల్‌కే సుప్రీంకోర్టు దాకా పోవాల్సి వచ్చిన అనుమతిని ‘ఇప్పిస్తాం, గ్యారంటీ’ అనేవాళ్లు ఏ గ్యారంటీ ఇస్తున్నట్టు?

కంపెనీ రిజిస్ట్రేషన్ ఒక్కటి విడిగా చేసిస్తామంటే ఆ కన్సల్టెంట్‌కి ఇవ్వండి, ఆ పని వాళ్లకి వచ్చు. ఒప్పందానికి లాయర్‌ని పెట్టుకోండి. మొత్తం ప్యాకేజీయే తీసుకోవాలంటే అడ్వాన్సుకి ముందు ఒక్క ప్రశ్నకి కాగితం మీద జవాబు తీసుకోండి: రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ మీద ఎవరి పేరు వస్తుంది? ‘అదంతా మేం చూసుకుంటాం సార్’ అంటే టీ తాగి వచ్చేయండి.