చెరోకీ కింద ఎక్స్‌ప్లోరర్ యాక్సిల్: ఫోర్డ్ 8.8 ఎంతవరకు నిలబడుతుంది?

జీప్ చెరోకీ ఎక్స్‌జేకి 33 అంగుళాల టైర్లు వేసి, వెనక కంపెనీ ఇచ్చిన డానా 35 యాక్సిల్‌నే ఉంచి రాళ్ల మీదికి ఎక్కిస్తే ఎప్పుడో ఒకప్పుడు షాఫ్టు విరుగుతుంది. దాని షాఫ్టుకి ఉన్నవి 27 స్ప్లైన్లు (చివర్న గేరులో కూర్చునే పళ్లు), మందం 1.18 అంగుళాలు. అమెరికా జంక్‌యార్డుల్లో దానికి దొరికే మంచి మందు 1995 నుంచి 2001 వరకు వచ్చిన ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ వెనక యాక్సిల్. 8.8 అంగుళాల క్రౌన్ (డిఫరెన్షియల్‌లోని పెద్ద పళ్ల చక్రం), 31 స్ప్లైన్ల షాఫ్టులు, మందం 1.32 అంగుళాలు. తేడా చూడ్డానికి చిన్నదే. కానీ మెలితిప్పుడుకి తట్టుకునే బలం మందం ఘనంతో పెరుగుతుంది కాబట్టి, ఉక్కు ఒకే రకమనుకుంటే షాఫ్టు బలం సుమారు 40 శాతం ఎక్కువ. పైగా డిస్క్ బ్రేకులు వస్తాయి. ఐదు స్టడ్ల కొలత కూడా చెరోకీదే, 4.5 అంగుళాలు. పాత చక్రాలే ఎక్కుతాయి.

అయితే ముందు మీ బండి కింద ఏముందో చూసుకోండి. డిఫరెన్షియల్ మూత కోలగా ఉండి, దానికి రబ్బరు బిరడా ఉంటే అది డానా 35. 1997 తర్వాతి 29 స్ప్లైన్ల క్రైస్లర్ 8.25 యాక్సిల్ ఉన్నవాళ్లు 33 అంగుళాలు దాటకపోతే ఈ పని పెట్టుకోనక్కర్లేదు. ఆ డబ్బు లాకర్ (రెండు చక్రాలూ కలిసి తిరిగేలా చేసే పరికరం) మీద పెట్టడం మేలు.

కొనేటప్పుడు మూత బోల్టుకి వేలాడే రేకు ముక్క చదవాలి. 3ఎల్73 అని ఉంటే గేర్ నిష్పత్తి 3.73, మధ్యలో ఉన్న ఎల్ లిమిటెడ్ స్లిప్‌కి (ఒక చక్రం జారినా రెండోదానికి కొంత బలం పంపే డిఫరెన్షియల్) గుర్తు. ముందు యాక్సిల్ నిష్పత్తి కూడా అదే ఉండాలి. 4.0 ఇంజన్, ఆటోమేటిక్ గేర్ ఉన్న చెరోకీల్లో ఎక్కువగా 3.55 ఉంటుంది కాబట్టి 3.55 యాక్సిల్ దొరికితే ముందు వైపు గేర్లు మార్చే ఖర్చు తప్పుతుంది. తర్వాత ఒక షాఫ్టు బయటికి లాగించి, బేరింగ్ తిరిగే చోట గోరు అడ్డంగా గీయండి. ఇందులో బేరింగ్ రోలర్లు నేరుగా షాఫ్టు మీదే దొర్లుతాయి, లోపలి రింగు ఉండదు. గోరు ఏ గీతలోనైనా తట్టుకుందంటే షాఫ్టు అరిగినట్టే. కొత్త బేరింగ్ వేసినా అక్కడ ఆయిల్ కారుతూనే ఉంటుంది. షాఫ్టైనా మార్చాలి, అరగని చోట ఆనే రిపేర్ బేరింగైనా వేయాలి.

ఇక వెల్డింగ్. అసలు పని అంతా ఇక్కడే ఉంది. ఎక్స్‌ప్లోరర్‌లో కమాన్ పట్టీలు యాక్సిల్ కింద ఉంటాయి, చెరోకీలో పైన. అందుకే పట్టీలు ఆనే పాత సీట్లు (యాక్సిల్ గొట్టానికి వెల్డ్ చేసిన దిమ్మలు) కోసేసి, 3.25 అంగుళాల గొట్టానికి సరిపడే కొత్త సీట్లు పైన పెట్టాలి. వాటి మధ్య దూరం పాత యాక్సిల్ దించకముందే కొలిచి రాసుకోండి. చాలామంది చేసే పొరపాటు, యాక్సిల్ నేల మీద ఉండగానే సీట్లు పూర్తిగా వెల్డ్ చేసేయడం. అలా కాకుండా సీట్లు వదులుగా పెట్టి, బండి బరువు పట్టీల మీదికి దించి, పినియన్ (ప్రొపెల్లర్ షాఫ్టు తగిలే చిన్న గేరు) కోణం చూసి, చుక్క వెల్డ్ వేసి, మళ్లీ కిందికి తీసి పూర్తి చేయాలి. మామూలు ప్రొపెల్లర్ షాఫ్టు అయితే పినియన్ గీత ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనక యాక్సిళ్లకి బలం పంచే గేర్ పెట్టె) అవుట్‌పుట్‌కి సమాంతరంగా ఉండాలి. పై చివర డబుల్ కార్డన్ జాయింట్ (రెండు క్రాసులు కలిపిన కీలు) ఉన్న షాఫ్టు అయితే పినియన్ నేరుగా ట్రాన్స్‌ఫర్ కేస్ వైపే చూడాలి, ఒకటి రెండు డిగ్రీలు తక్కువగా. ఇది తప్పితే బండి వేగం పట్టగానే అదురుతుంది, క్రాస్ బేరింగులు త్వరగా పోతాయి.

8.8కి ఉన్న అసలు లోపం గొట్టాలు. మధ్యనున్న పోత హౌసింగ్‌లోకి వాటిని దూర్చి కొన్ని ప్లగ్ వెల్డులతో వదిలేశారు. గట్టిగా లాగితే గొట్టం లోపలే తిరిగిపోతుంది, సీట్లతో సహా. అందుకే చుట్టూ వెల్డ్ వేయాల్సిందే. పోత ఇనుము కాబట్టి ముందు టార్చితో వేడి చేసి, నికెల్ రాడ్‌తో అంగుళం చొప్పున, ఒకసారి ఈ పక్క ఒకసారి ఆ పక్క వేస్తూ పోవాలి. ఏకబిగిన లాగితే గొట్టం వంగుతుంది. పని అయ్యాక దుప్పటి కప్పి నెమ్మదిగా చల్లారనివ్వాలి, నీళ్లు పోస్తే పగులుతుంది. ఎర్త్ క్లాంపు గొట్టానికే పెట్టండి. కరెంటు బేరింగుల గుండా పోతే రోలర్ల మీద గుంటలు పడతాయి.

మిగతావి చిన్న పనులు. పినియన్ ఫ్లాంజ్ మీద 1310 సైజు క్రాస్‌కి సరిపడే అడాప్టర్ బిగిస్తే పినియన్ నట్టు జోలికి పోనక్కర్లేదు. ఆ నట్టు విప్పితే క్రష్ స్లీవు (బిగించేటప్పుడు నలిగే చిన్న గొట్టం), ప్రీలోడ్ (బేరింగుల మీది బిగువు) అన్నీ మళ్లీ సరిచూసుకోవాలి. బ్రేక్ గొట్టాల జంక్షన్‌ని పట్టుకునే బోల్టే యాక్సిల్ గాలి రంధ్రం కూడా, దాన్ని జంక్‌యార్డులో వదిలి రావద్దు. హ్యాండ్ బ్రేక్ కేబుళ్లు నేరుగా కలవవు, కలపడానికి ఒక పూట పెట్టుకోండి. షాఫ్టులు ఎక్కించాక డిఫరెన్షియల్ లోపలి క్రాస్ పిన్నుని పట్టే లాక్ బోల్టు కొత్తది వేసి, థ్రెడ్ లాకర్ పూసి బిగించాలి. పాత బోల్టు లోపల విరిగితే పిన్ను జారి హౌసింగ్‌కి కొట్టుకుంటుంది.

35 అంగుళాల టైర్లు, లాకర్, యాక్సిలరేటర్ గట్టిగా తొక్కే అలవాటు ఉన్నవాళ్లకి ఇది చాలదు. ఇందులోనూ షాఫ్టుని పట్టేది దాని లోపలి చివర ఉండే సీ ఆకారపు క్లిప్పే. షాఫ్టు విరిగితే చక్రాన్ని లోపల ఆపేది ఏదీ ఉండదు. 31 నుంచి 33 వరకు మాత్రం ఇంత తక్కువలో ఇంతకు మించిన యాక్సిల్ నాకు కనపడలేదు.

ఆయిల్ సుమారు రెండున్నర లీటర్లు పడుతుంది. లిమిటెడ్ స్లిప్ ఉంటే అందులో 4 ఔన్సుల ఫ్రిక్షన్ మాడిఫయర్ కలపాలి, లేకపోతే మలుపుల్లో క్లచ్ ప్లేట్లు పట్టి వదులుతూ కిటకిటమంటాయి. యాక్సిల్‌ని కమాన్ పట్టీలకి బిగించే యూ బోల్టులు ఎప్పుడూ కొత్తవే వేయండి. ఒకటి రెండు వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ బిగించండి, తప్పకుండా కొంచెం వదులై ఉంటాయి.