ఫైబర్‌లో రేడియో సిగ్నల్: వైజాగ్ టవర్లకు ఏ పద్ధతి మేలు?

పోయిన నెల మధురవాడలో ఒక అపార్ట్‌మెంట్ డాబా మీద పాత టవర్ సామాను దించుతుంటే నేనూ అక్కడే ఉన్నాను. పైనుంచి దిగిన ఫీడర్ కేబుల్ బొటనవేలంత లావు. చుట్ట చుట్టాక మోయడానికి ఇద్దరు కావలసి వచ్చింది. దాని స్థానంలో పైకి ఎక్కినవి నల్ల తొడుగున్న సన్నటి ఫైబర్, పక్కనే కరెంటు వైరు, అంతే. పాత కేబుల్‌లో 2 గిగాహెర్ట్జ్ సిగ్నల్ 40 మీటర్లు ఎక్కేసరికి పవర్‌లో మూడో వంతుకు పైనే వేడిగా పోయేది. ఫైబర్‌లో 1310 నానోమీటర్ల కాంతి కిలోమీటరు దూరం వెళ్లినా తగ్గేది సుమారు 0.35 డెసిబెల్, అంటే ఎనిమిది శాతం లోపే.

ఇక్కడిదాకా ఎవరికీ పేచీ లేదు. ఆ గాజుపోగులో రేడియో సిగ్నల్‌ని ఏ రూపంలో పంపాలన్న దగ్గరే అసలు చర్చ మొదలవుతుంది. అంకెలుగా మార్చి ఉన్నదున్నట్టు పంపే సీప్రీ ఒకటి. సగం పని పైనే చేయించి, మిగతాది ప్యాకెట్లుగా పంపే ఈసీప్రీ ఇంకొకటి. అంకెల జోలికే పోకుండా రేడియో తరంగాన్నే కాంతి మీద ఎక్కించి పంపే అనలాగ్ పద్ధతి మూడోది. పదేళ్లకు పైగా ఈ ఊళ్లో ఫైబర్ పని చేస్తూ నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటుంది. మెషీన్ కేటలాగ్ తెరవకముందే ఆ దారిలో ఎన్ని కోర్లు (కేబుల్‌లోని గాజుపోగులు) ఖాళీగా ఉన్నాయో, కేబుల్ పొడవు ఎంతో, కనెక్టర్లు ఎలా ఉన్నాయో చూసుకోవాలి. ఏ పద్ధతి మేలో చాలావరకు అక్కడే తేలిపోతుంది.

ముందు సీప్రీ సంగతి. 2003లో కొన్ని పరికరాల కంపెనీలు కలిసి మొదలుపెట్టిన ప్రమాణం ఇది. యాంటెన్నా పక్కన రేడియో, కింద గదిలోనో దూరంగా ఎక్స్‌ఛేంజ్‌లోనో బేస్‌బ్యాండ్, అంటే సిగ్నల్ లెక్కలు చేసే పెట్టె. ఈ రెంటి మధ్య ఉండే లింకునే మేం ఫ్రంట్‌హాల్ అంటాం. 20 మెగాహెర్ట్జ్ 4జీ తీసుకుంటే, ఒక్కో యాంటెన్నాకి సెకనుకి 3 కోట్ల 7 లక్షల 20 వేల సార్లు సిగ్నల్‌ని కొలుస్తారు. కొలిచిన ప్రతిసారీ పదిహేను బిట్ల అంకెలు రెండు వస్తాయి. వాటికి కంట్రోల్ సమాచారం, లైన్ కోడింగ్ (లింకు కోసం చేర్చే అదనపు బిట్లు) కలిపితే ఒక యాంటెన్నాకి 1.2288 గిగాబిట్లు, రెండు యాంటెన్నాలకు 2.4576 గిగాబిట్లు. అదే సెక్టార్ (టవర్ ఒక దిక్కున కవర్ చేసే భాగం) నుంచి జనానికి అందే గరిష్ఠ వేగమేమో 150 మెగాబిట్లు. అందేదానికి పదహారు రెట్లు ఫైబర్‌లో పరిగెడుతోందన్నమాట. పైగా ఆ ప్రవాహం ఎప్పుడూ తగ్గదు. తెల్లవారుజామున మూడింటికి ఆర్కే బీచ్‌లో ఒక్క ఫోనూ లేకపోయినా ఆ 2.4576 గిగాబిట్లు పోతూనే ఉంటాయి, ఎందుకంటే గాలిలో ఉన్న నిశ్శబ్దాన్ని కూడా అది కొలిచి పంపుతుంది.

అయినా సీప్రీ అంటే నాకు గౌరవమే. లింకు ఉంటే ఉంటుంది, పోతే పోతుంది, సగం సగం పనిచేస్తూ వేధించదు. ఆలస్యం ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. గడియారం కూడా ఆ లింకులోనే వస్తుంది కాబట్టి టైమింగ్ కోసం వేరే ఏర్పాటు అక్కర్లేదు. అర్ధరాత్రి టవర్ పడిపోయిందని ఫోన్ వస్తే ఏం చూడాలో కొత్తగా చేరిన కుర్రాడికి కూడా పది నిమిషాల్లో నేర్పించవచ్చు.

దీనికి ఇబ్బందులు రెండు. మొదటిది కోర్లు. మూడు సెక్టార్లు, రెండు బ్యాండ్లు అంటే ఆరు రేడియోలు, రేడియోకి రెండు కోర్ల చొప్పున పన్నెండు. పోనూ రానూ ఒకే కోర్‌లో నడిచే మాడ్యూళ్లు (కాంతిని పంపే, అందుకునే చిన్న పరికరాలు) వేస్తే ఆరుకి దిగుతుంది. రంగురంగుల కాంతిని ఒకే కోర్‌లో కలిపే సీడబ్ల్యూడీఎం పెడితే ఇంకా తగ్గుతుంది. రెండో ఇబ్బంది 5జీ. 100 మెగాహెర్ట్జ్ వెడల్పు, 64 యాంటెన్నాల రేడియోకి అదే లెక్క కడితే ఒక్క సెక్టార్‌కే 314 గిగాబిట్లు దాటుతుంది. మూడు సెక్టార్లకు టెరాబిట్‌కి కాస్త తక్కువ. ఇది ఎవరూ చేయరు, చేయకూడదు కూడా.

అందుకే 2017 ఆగస్టులో ఈసీప్రీ వచ్చింది. బేస్‌బ్యాండ్ చేసే లెక్కల్లో కొంత భాగాన్ని, ముఖ్యంగా యాంటెన్నాల సంఖ్యను బట్టి పెరిగే భాగాన్ని, పైనున్న రేడియోకే అప్పగించారు. దాంతో ఫైబర్‌లో పోయేది యాంటెన్నాల లెక్కన కాకుండా వాడకం లెక్కన పెరుగుతుంది. 314 గిగాబిట్లు కావలసిన చోట 25 గిగాబిట్ల పోర్టుతో పని నడుస్తోంది. మామూలు ఈథర్నెట్ ప్యాకెట్లే కాబట్టి నాలుగు రేడియోలని ఒక స్విచ్‌లో కలిపి ఒకే జత కోర్ల మీద పంపవచ్చు. 2018లో ఏర్పడిన ఓ-రాన్ అలయన్స్ ఈ పని విభజనకి బహిరంగ నిర్దేశాలు రాసింది. ఒక కంపెనీ రేడియోకి ఇంకో కంపెనీ బేస్‌బ్యాండ్ కలిపే దారి అలా తెరుచుకుంది.

అయితే ఈసీప్రీ మన మీద ఒక బాధ్యత పెడుతుంది. అదే టైమింగ్. గడియారం ఇక లింకులో దానంతటది రాదు. టైమ్‌ని ప్యాకెట్లలో పంపే పీటీపీ, గడియారం వేగాన్ని ఈథర్నెట్ లింకు మీద అందించే సింక్‌ఈ అనే ఏర్పాట్లతో విడిగా పంపాలి. 3.5 గిగాహెర్ట్జ్ 5జీలో ఒకే ఫ్రీక్వెన్సీని పైకి, కిందికి వంతులవారీగా వాడతారు. టవర్లన్నీ ప్లస్ ఆర్ మైనస్ 1.5 మైక్రోసెకన్ల లోపు ఒకే టైమ్‌లో ఉండాలి. ఒకటి జారితే, అది మాట్లాడే వేళకి పక్క టవర్ ఇంకా వింటూ ఉంటుంది.

దీని టెన్షన్ ఎలా ఉంటుందో కంచరపాలెం వైపు ఒకసారి చూశాను. రోడ్డు తవ్వకంలో కేబుల్ తెగింది. రాత్రికి రాత్రే రిపేర్ చేసిన కుర్రాళ్లకు పాత కేబుల్‌లో ఒక కోర్ బాగానే దొరికింది, రెండోదానికి వేరే దారిలో వెళ్లే ఇంకో కేబుల్‌లో ఖాళీ కోర్ ఇచ్చి కలిపారు. లింకు వచ్చింది, పవర్ బాగుంది, అలారం ఒక్కటీ లేదు. పక్క సెక్టార్లలో మాత్రం అప్‌లోడ్ పాడైంది. రెండు రోజులు అందరం రేడియోని అనుమానించాం. చివరికి జీపీఎస్ ఉన్న టెస్ట్ సెట్ పట్టుకెళ్లి టైమ్ పోల్చి చూస్తే అసలు సంగతి దొరికింది. పీటీపీ తన లెక్కలో పోయే దారీ వచ్చే దారీ సమానమనుకుంటుంది. మా వాళ్లు కలిపిన రెండో కోర్ ఏడు వందల మీటర్లు ఎక్కువ పొడవు. ఫైబర్‌లో కాంతికి కిలోమీటరుకి 5 మైక్రోసెకన్లు పడుతుంది కాబట్టి తేడా 3.5 మైక్రోసెకన్లు, అందులో సగం, అంటే 1.75, టైమ్‌లో తప్పుగా చేరింది. హద్దు దాటిపోయింది. ఈ రకం తప్పుని పీటీపీ తనంతట తాను పట్టుకోలేదు. రెండు కోర్లూ ఒకే దారిలోకి మార్చిన గంటకి అంతా సర్దుకుంది. ఆ కుర్రాళ్లని నేను తప్పుపట్టను. సీప్రీ మీద 4జీ నడిచే చోటయితే అదే రిపేర్ ఏ గొడవా లేకుండా నడిచిపోయేది. వాళ్లకు ఈ తేడా ఎవరూ చెప్పలేదు, చెప్పి ఉండాల్సింది.

అందుకే ఈసీప్రీ వేసే ప్రతి లింకులో నేను ఒకే కోర్ మీద పోనూ రానూ నడిచే మాడ్యూలే అడుగుతాను. అందులోనూ రెండు దిక్కులకి రెండు రంగుల కాంతి వాడతారు కాబట్టి చిన్న తేడా ఉంటుంది, కానీ ఇలాంటి ఏడు వందల మీటర్ల ప్రమాదం ఉండదు.

దూరం విషయంలో రెండింటికీ ఒకటే హద్దు. ఫోన్ పంపిన డేటా సరిగా అందిందో లేదో మిల్లీసెకన్లలో జవాబు వెళ్లాలి. ఆ సమయంలో ఎక్కువ భాగం లెక్కలకే పోతుంది. ఫైబర్‌కి మిగిలేది ఒక దిక్కున సుమారు 100 మైక్రోసెకన్లు, అంటే 20 కిలోమీటర్లు. ఇది రోడ్డు దూరం కాదు, కేబుల్ పొడవు. ప్రతి ఛాంబర్‌లో (కేబుల్ గుంతలో) చుట్టి ఉంచిన లూపులు కూడా ఇందులోకే వస్తాయి. ద్వారకానగర్‌లో బేస్‌బ్యాండ్ పెట్టి ఎంవీపీ కాలనీ, మధురవాడ, గాజువాక నడపవచ్చు. భీమిలికి మాత్రం చాలదు. అక్కడ బేస్‌బ్యాండ్ టవర్ దగ్గరే ఉంచి మామూలు బ్యాక్‌హాల్ (బేస్‌బ్యాండ్ నుంచి నెట్‌వర్క్‌కి వెళ్లే లింకు) ఇవ్వడమే నయం. రింగ్ వేసే చోట ఇంకో జాగ్రత్త కావాలి. కేబుల్ తెగినప్పుడు ట్రాఫిక్ తిరిగి వచ్చే రెండో దారి కూడా ఆ 20 లోపే ఉండాలి. కాగితం మీద ఇది చాలామంది మర్చిపోతారు.

ఇక అనలాగ్. ఇంజనీరింగ్ కుర్రాళ్లకి దీని మీద చిన్నచూపు ఉంది, పాతకాలం పద్ధతి అని. అది సరికాదు. మన వీధిలో కేబుల్ టీవీ వాళ్లు స్తంభానికి తగిలించిన నోడ్ బాక్స్ దాకా చానళ్లని ఫైబర్‌లో పంపింది ఈ సూత్రం మీదే. రేడియో తరంగం ఎలా ఊగితే లేజర్ వెలుగు అలా హెచ్చుతగ్గులవుతుంది. అవతల ఫొటోడయోడ్ ఆ వెలుగుని తిరిగి రేడియో తరంగంగా ఇస్తుంది. మధ్యలో లెక్కలు లేవు, శాంపిల్స్ లేవు, గిగాబిట్లు లేవు. చివర ఉండే పెట్టెలో ఫొటోడయోడ్, ఆంప్లిఫయర్, ఫిల్టర్ల వంటివే ఉంటాయి. అన్నిటికంటే ముఖ్యం, 700 మెగాహెర్ట్జ్ నుంచి 2,600 దాకా, నాలుగు ఆపరేటర్లవి, 2జీ నుంచి 5జీ దాకా అన్నీ ఒకే ఫైబర్ మీద కలిసి పోతాయి. మాల్, ఆసుపత్రి, ఎయిర్‌పోర్ట్, స్టేడియం లోపల సిగ్నల్ పంచడానికి ఇంతకంటే తేలికైనది నేను చూడలేదు.

దీనికి శత్రువు మురికి. అనలాగ్‌లో కాంతి 1 డెసిబెల్ తగ్గితే రేడియో సిగ్నల్ 2 డెసిబెల్స్ తగ్గుతుంది. నగరంలో ఒక పెద్ద భవనంలో కింది పార్కింగ్‌లో కాల్స్ కట్ అవుతున్నాయని పిలిచారు. వెళ్లి ప్యానెల్ తెరిస్తే పచ్చ కనెక్టర్ ఉండాల్సిన చోట నీలం రంగుది బిగించి ఉంది. పచ్చదాని ముఖం 8 డిగ్రీలు వాలుగా చెక్కి ఉంటుంది, వెనక్కి కొట్టే కాంతి లేజర్‌లోకి తిరిగి వెళ్లకుండా. నీలందాని ముఖం తిన్నగా ఉంటుంది. రెండూ ఎదురెదురుగా పెడితే మధ్యలో సందు మిగులుతుంది. కాంతి పోవడం ఒక నష్టమైతే, వెనక్కి కొట్టిన కాంతి లేజర్‌ని కలవరపెట్టి నాయిస్ పెంచడం ఇంకో నష్టం. పచ్చ ప్యాచ్ కార్డ్ వేసి, మిగతా చివరలన్నీ స్కోప్‌లో చూసి తుడిస్తే ఒకటిన్నర డెసిబెల్ కాంతి తిరిగొచ్చింది. రేడియోలో అది 3 డెసిబెల్స్, అంటే అప్పటిదాకా సగం పవర్ ఊరికే పోయిందన్నమాట. ఇలాంటి పని చేసేవాళ్లు జేబులో క్లీనింగ్ పెన్ లేకుండా బయలుదేరకూడదని నా పట్టుదల.

దూరం పెరిగేకొద్దీ అనలాగ్‌లో నాయిస్ పేరుకుంటుంది, సరిచేసే వీలుండదు. 26 గిగాహెర్ట్జ్ లాంటి ఎత్తైన ఫ్రీక్వెన్సీని మామూలు పద్ధతిలో 1550 నానోమీటర్ల కాంతి మీద పంపితే, ఫైబర్‌లోని డిస్పర్షన్ (కాంతిలోని రంగులు వేర్వేరు వేగాలతో పోవడం) వల్ల సుమారు 5.4 కిలోమీటర్ల దగ్గర సిగ్నల్ తనని తానే రద్దు చేసుకుంటుంది. విరుగుళ్లు ఉన్నాయి, తక్కువ ఫ్రీక్వెన్సీలో పంపి చివర్లో పెంచుకోవడం లాంటివి. ఊరి మీద టవర్ నుంచి టవర్‌కి మాత్రం దీన్ని నేను వాడను.

మైక్రోవేవ్ డిష్ గురించి కూడా అడుగుతుంటారు. కైలాసగిరి, యారాడ లాంటి కొండలున్న ఊరు కదా, కేబుల్ లేని చోట అది తప్పదు. కానీ 80 గిగాహెర్ట్జ్ లింకులు గట్టి వానకి తట్టుకోలేవు. ఫైబర్ అయితే చాలనుకోవడమూ పొరపాటే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు స్తంభాల మీద వేలాడిన కేబుల్ స్తంభాలతో పాటే నేలకొరిగింది. ఊరంతా రోజుల తరబడి ఫోన్ లేకుండా గడిపింది. తీరం వెంబడి కొత్త లింకు ఏదైనా నేల కిందే వేయమని అందుకే ఒత్తిడి చేస్తాను, లోపల సీప్రీ నడిచినా ఈసీప్రీ నడిచినా.

కాబట్టి ఎవరైనా నన్ను అడిగితే ఇలా చెబుతాను. ఇప్పటికే నడుస్తున్న 4జీ సీప్రీ లింకుల జోలికి పోవద్దు, కోర్లు చాలినంత కాలం వాటిని అలాగే నడవనివ్వండి. కొత్త 5జీ రేడియోలకి ఈసీప్రీ, అది కూడా ఒకే కోర్ మాడ్యూళ్లతో, టైమింగ్‌కి రెండో ఆధారంగా సైట్‌లో జీపీఎస్‌తో. ఆ రేడియో బరువు, వేడి ఎక్కువ కాబట్టి డాబా యజమానితో ఆ మాట ముందే మాట్లాడుకోవాలి. ఉప్పుగాలి తగిలే సైట్లలో కనెక్టర్ సీలింగ్‌కి ఇంకో అరగంట కేటాయించాలి. భవనాల లోపల మాత్రం అనలాగే నా ఓటు.

ఏది ఎంచుకున్నా, ఆర్డర్ పెట్టే ముందు ఓటీడీఆర్‌తో, అంటే ఫైబర్‌లో కాంతి ఎక్కడ ఎంత తగ్గిందో గీతగా చూపే మీటర్‌తో, 1310, 1550 నానోమీటర్లు రెండింటిలోనూ కొలవండి. మధురవాడ డాబా మీద ఆ రోజు 1310లో గీత నున్నగా ఉంది, 1550లో ఒక చోట 0.8 డెసిబెల్ మెట్టు దిగింది. వంపు ఉన్న చోట 1550కే ఎక్కువ నష్టం కాబట్టి జాయింట్ బాగానే ఉందని, ఎక్కడో కేబుల్ నొక్కుకుందని అర్థమైంది. మెట్లగది తలుపు వెనక ప్యాచ్ కార్డ్ కీలులో చిక్కుకుని ఉంది. దాన్ని విడిపించి, గోడకి క్లిప్ కొట్టి, మళ్లీ కొలిచాకే రేడియో ఆన్ చేశాం.