‘ఇంపోర్ట్ స్టార్టర్ ప్యాకేజీ’: 18,500 రూపాయలకి ఏమొచ్చింది?

విదేశాల నుంచి సరుకు తెప్పించుకోవడం మొదలుపెట్టేవాళ్ళకి కన్సల్టెన్సీ వాళ్ళు అమ్మే ఈ ప్యాకేజీకి ఐదు స్టార్లలో రెండు. తర్వాత పెట్టుకున్న చెన్నై సీహెచ్‌ఏకి, అంటే కస్టమ్స్ పనులు చూసే ఏజెంటుకి, నాలుగు. రెండు పేర్లూ రాయడం లేదు. ఇలాంటి ప్యాకేజీలు అమ్మేవాళ్ళు ఇప్పుడు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు, బ్రోచర్లు కూడా ఇంచుమించు ఒకేలా ఉంటాయి. లోపల ఏముందో తెలిస్తే ఏ పేరైనా ఒకటే.

గుంటూరులో నాది కేకు సామాన్ల షాపు. సిలికాన్ అచ్చులు, నాజిల్స్, కేకు బోర్డులు, తిరిగే స్టాండ్లు అమ్ముతాను. కొనేవాళ్ళలో ఎక్కువమంది ఇంట్లోనే కేకులు చేసి అమ్ముకునే ఆడవాళ్ళు. ఇన్నాళ్ళూ చెన్నై ప్యారీస్ కార్నర్ బజారు నుంచీ, ముంబై నుంచీ హోల్‌సేల్‌లో తెచ్చుకునేదాన్ని. వాళ్ళు అమ్మేదీ చైనా సరుకే కదా, మనమే తెప్పిస్తే ఎంత మిగులుతుందో చూద్దామని 2024లో మొదటి లోడు వేశాను. కంటైనర్ మొత్తం కాదు, అందులో కొంత చోటు మాత్రమే. దీన్ని ఎల్‌సీఎల్ అంటారు.

ప్యాకేజీ ధర 18,500, జీఎస్టీ అదనం. ఐఈసీ, ఏడీ కోడ్, జీఎస్టీ సలహా, హెచ్‌ఎస్ కోడ్, లేబులింగ్ సపోర్ట్, ఆపైన ‘ఎండ్ టు ఎండ్ గైడెన్స్’ అన్నారు. ఆఫీసు బాగుంది, కాఫీ ఇచ్చారు, మర్యాదగా మాట్లాడారు. ఆ రెండు స్టార్లలో ఒకటి దానికే.

ఐఈసీ అంటే దిగుమతి, ఎగుమతి చేసేవాళ్ళకి కేంద్ర విదేశీ వాణిజ్య కార్యాలయం (డీజీఎఫ్‌టీ) ఇచ్చే కోడ్. జీఎస్టీ వచ్చాక ఆ నంబరు, మీ పాన్ నంబరు ఒకటే. ప్రభుత్వానికి కట్టేది 500 రూపాయలు. పాన్, ఆధార్, క్యాన్సిల్ చేసిన చెక్కు, అడ్రసు కాగితం ఉంటే ఎవరికి వాళ్ళే ఆన్‌లైన్‌లో చేసుకోవచ్చు. ప్యాకేజీలో దీనికి వేసింది 4,500. కష్టానికి తీసుకోనివ్వండి, నాకు పేచీ లేదు. కానీ ఏటా ఏప్రిల్ నుంచి జూన్ లోపు, మార్పులేమీ లేకపోయినా సరే, పోర్టల్‌లోకి వెళ్ళి వివరాలు సరిగ్గా ఉన్నాయని ధ్రువీకరించాలి. లేకపోతే కోడ్ డీయాక్టివేట్ అవుతుంది. ఆ గడువులో చేస్తే ఫీజు ఏమీ లేదు. వీళ్ళ రేటు కార్డులో అదే పని ‘ఐఈసీ రెన్యువల్ 1,500’ అని ఉంది.

ఏడీ కోడ్ బ్యాంకు ఇచ్చేది, 14 అంకెలు. మా బ్రాంచిలో అడిగితే లెటర్ హెడ్ మీద రాసిచ్చారు. ఇందులో కన్సల్టెన్సీ చేసిందల్లా ‘బ్యాంకుకి వెళ్ళండి మేడమ్’ అని చెప్పడం.

జీఎస్టీ సలహా అన్నదాంట్లో వాళ్ళు అడగాల్సిన మొదటి ప్రశ్నే అడగలేదు: మీరు రెగ్యులర్‌లో ఉన్నారా, కాంపోజిషన్‌లో ఉన్నారా? నాలాంటి చిన్న షాపులవాళ్ళు చాలామంది ఒక శాతం కట్టేసే కాంపోజిషన్‌లోనే ఉంటారు. దిగుమతి మీద కట్టే జీఎస్టీ (దీన్ని ఐజీఎస్టీ అంటారు) వాళ్ళకి క్రెడిట్‌గా వెనక్కి రాదు. లెక్క చూడండి. కస్టమ్స్ వాళ్ళు ఒప్పుకున్న విలువ 4 లక్షలు అనుకుందాం. అంటే సరుకు ధర, ఓడ కిరాయి, ఇన్సూరెన్స్ అన్నీ కలిపి. నా అచ్చుల మీద బేసిక్ డ్యూటీ 15 శాతం, 60,000. దాని మీద సోషల్ వెల్ఫేర్ సర్‌చార్జి 10 శాతం, 6,000. ఈ మూడూ కలిపిన 4,66,000 మీద ఐజీఎస్టీ 18 శాతం, 83,880. మొత్తం కట్టేది 1,49,880. రెగ్యులర్‌లో ఉంటే ఆ 83,880 క్రెడిట్‌గా వెనక్కి వస్తుంది, అసలు ఖర్చు 66,000 మాత్రమే. కాంపోజిషన్‌లో ఉంటే మొత్తం నెత్తిన పడుతుంది, లాభం అక్కడే ఆవిరి. మా ఆడిటర్ గారు అంతకు ముందు ఏడాదే నన్ను రెగ్యులర్‌కి మార్చారు కాబట్టి సరిపోయింది. మొదటి లోడు తర్వాత జీఎస్టీ పోర్టల్‌లో క్రెడిట్లు చూపించే జీఎస్టీఆర్-2బీలో ఆ మొత్తం దానంతటదే కనిపించింది.

ఇక హెచ్‌ఎస్ కోడ్. ఈ రివ్యూ రాయడానికి అసలు కారణం ఇదే. ప్రతి సరుకుకీ ఎనిమిది అంకెల కోడ్ ఉంటుంది. డ్యూటీ ఎంత, లైసెన్సు కావాలా, బీఐఎస్ మార్కు (ప్రభుత్వ నాణ్యతా ముద్ర) కావాలా అన్నీ దాన్ని బట్టే. కన్సల్టెన్సీలో కుర్రవాడు కంప్యూటర్‌లో వెతికి నా సిలికాన్ అచ్చులకి 8480తో మొదలయ్యే కోడ్ రాసిచ్చాడు. ‘ఇందులో అయితే డ్యూటీ తక్కువ మేడమ్’ అని సంబరంగా చెప్పాడు కూడా. తర్వాత సీహెచ్‌ఏ ఆ కాగితం చూసి పక్కన పెట్టేశాడు. ఆయన ఆ శీర్షిక తెరిచి నా చేతే చదివించాడు: లోహం, గాజు, ఖనిజ పదార్థాలు, రబ్బరు, ప్లాస్టిక్ పోత పోసే ఫ్యాక్టరీ అచ్చులు. కేకు పిండి మాటే లేదు. మనది వంటింటి ప్లాస్టిక్ సామాను, 3924. చైనా సెల్లర్ ఇన్‌వాయిస్‌లోనూ 3924 అనే ఉంది. ఆ కుర్రవాడి మాట విని 8480 కింద వేసి ఉంటే, తేడా డ్యూటీ, దాని మీద వడ్డీ, పెనాల్టీ అన్నీ కట్టాల్సింది నేను. సంతకం నాది, కోడ్ రాసిచ్చినవాడిది కాదు.

సీహెచ్‌ఏ అంటే కస్టమ్స్ హౌస్ ఏజెంట్. ఇప్పుడు చట్టంలో పేరు కస్టమ్స్ బ్రోకర్, కానీ పోర్టు దగ్గర అందరూ ఇంకా సీహెచ్‌ఏ అనే అంటారు. వీళ్ళకి కస్టమ్స్ లైసెన్సు ఉంటుంది. మన దగ్గర ఆథరైజేషన్ లెటర్ తీసుకోవాలి, మన ఐఈసీ, జీఎస్టీ నంబరు సరిచూసుకోవాలి, రూల్స్ పాటించమని మనకి చెప్పాలి. ఇవన్నీ 2018 నాటి లైసెన్సింగ్ నిబంధనల్లోనే ఉన్నాయి. కన్సల్టెన్సీకి ఇలాంటి బాధ్యత ఏదీ లేదు. తేడా అక్కడే తెలుస్తుంది.

నేను పంపిన ఆర్డరు లిస్టు మీద ఆయన డబ్బు కట్టకముందే ఎర్ర పెన్ను పెట్టాడు. కేకు మీద పెట్టే చిన్న బొమ్మలు కొట్టేశాడు: వాటిని ఆటబొమ్మలుగా లెక్కేస్తే 2021 జనవరి నుంచి బీఐఎస్ మార్కు తప్పనిసరి, పైగా బొమ్మల మీద డ్యూటీ 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70కి పెరిగింది. రంగు రంగుల స్ప్రింకిల్స్ కొట్టేశాడు: తినే వస్తువు, ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇంపోర్ట్ లైసెన్సు లేకుండా రాదు. డిజిటల్ కిచెన్ కాటా కొట్టేశాడు. దీన్ని నేను అసలు ఊహించలేదు. తూకం పరికరం దిగుమతి చేయాలంటే లీగల్ మెట్రాలజీ (తూనికలు, కొలతల శాఖ) కింద విడిగా రిజిస్ట్రేషన్, పైగా ఆ మోడల్‌కి అనుమతి ఉండాలి. ‘రెండు వందల కాటాల కోసం మొత్తం లోడు ఆపుకుంటారా మేడమ్?’ అన్నాడు. అదే లిస్టు కన్సల్టెన్సీ వాళ్ళు కూడా చూశారు. ఓకే అన్నారు.

లేబుళ్ళ సంగతి కొత్తవాళ్ళు శ్రద్ధగా చదవాలి. ప్యాక్ చేసి వచ్చే సరుకు మీద ఇంపోర్టరు పేరు, చిరునామా, ఏ దేశంలో తయారైంది, వస్తువు పేరు, ఎన్ని పీసులు, తయారైన నెల, సంవత్సరం, అన్ని పన్నులతో కలిపి ఎమ్మార్పీ, ఫిర్యాదుకి ఫోన్, ఈమెయిల్ ఉండాలి. ఎమ్మార్పీ రూపాయల్లోనే. ఇంపోర్టరుగా మన పేరు కూడా లీగల్ మెట్రాలజీలో నమోదు చేయించుకోవాలి, మొదలుపెట్టిన 90 రోజుల్లోపు. ప్యాకేజీలోని ‘లేబులింగ్ సపోర్ట్’ అంటే ఒక వర్డ్ ఫైలు. అందులో దేశం పేరుకి చోటే లేదు. సీహెచ్‌ఏ కొత్తది చేయించి, దాన్ని చైనా సెల్లర్‌కే పంపి అక్కడే అతికించమన్నాడు. చెన్నైలో సీఎఫ్‌ఎస్‌లో (పోర్టు సరుకు దింపే గోడౌన్) మనుషుల్ని పెట్టి పెట్టెలు విప్పి అతికిస్తే కూలీ వేరు, గోడౌన్ అద్దె వేరు.

డబ్బు పంపేటప్పుడు ఇంకో విచిత్రం. 30 శాతం అడ్వాన్సు, మిగతాది బీఎల్ (సరుకు ఓడ ఎక్కిందని ఇచ్చే కాగితం) కాపీ వచ్చాక అని మాట్లాడుకున్నాం. ప్రతి చెల్లింపుకీ 15సీఏ, 15సీబీ అనే ఆదాయపు పన్ను ఫారాలు కావాలని కన్సల్టెన్సీ వాళ్ళు 3,500 చొప్పున అదనపు బిల్లు పెట్టారు. ఆడిటర్ గారు నవ్వారు. సరుకు దిగుమతికి కట్టే డబ్బుకి ఆ రెండూ అక్కర్లేదని అప్పటి ఆదాయపు పన్ను నిబంధన 37బీబీ జాబితాలోనే ఉంది. బ్యాంకు అడిగింది ఇన్‌వాయిస్, ఒక ఫారం, పర్పస్ కోడ్ మాత్రమే: అడ్వాన్సుకి ఎస్0101, బిల్లు వచ్చాక కట్టేదానికి ఎస్0102. ఆ జాబితా చూపించి కన్సల్టెన్సీ బిల్లు తీసేయించాను. వాదించాల్సి వచ్చింది గానీ తీసేశారు.

ఓడ వచ్చాక పరుగే. బిల్ ఆఫ్ ఎంట్రీ, అంటే దిగుమతి సరుకు వివరాలతో కస్టమ్స్‌కి ఇచ్చే పత్రం, ఓడ చేరే ముందు రోజుకే ఫైల్ అయిపోవాలి. ఆలస్యమైతే మొదటి మూడు రోజులు రోజుకి 5,000, తర్వాత రోజుకి 10,000. అసెస్‌మెంట్ అయ్యాక, అంటే డ్యూటీ ఎంతో తేలాక, ఒక్క రోజులో డ్యూటీ కట్టాలి, లేదంటే 15 శాతం వడ్డీ. అసెస్ చేసే అధికారి చెన్నైలోనే ఉండాలని లేదు. 2020 నుంచి ఫేస్‌లెస్ కాబట్టి వేరే ఊళ్ళో ఎవరో చూస్తారు, సందేహం ఉంటే ఆన్‌లైన్‌లో క్వెరీ వేస్తారు. నాకూ ఒకటి పడింది: మెటీరియల్ ఏమిటి, దేనికి వాడతారు? సెల్లర్ క్యాటలాగు, మెటీరియల్ షీటు ముందే తెప్పించి పెట్టాడు సీహెచ్‌ఏ, కాబట్టి టెన్షన్ లేకుండా గడిచింది. డాలరు రేటు మాత్రం మన బ్యాంకు రేటు కాదు, కస్టమ్స్ ప్రకటించిందే లెక్క. ఇన్సూరెన్స్ కాగితం లేకపోతే సరుకు ధర మీద 1.125 శాతం వాళ్ళే కలుపుతారు.

ఎల్‌సీఎల్‌లో కిరాయి చూసి మోసపోకండి. చైనా నుంచి చెన్నైకి దాదాపు ఉచితమన్నట్టు కోట్ చేస్తారు. అసలు వసూలంతా చెన్నైలో, డెలివరీ ఆర్డరు ఇచ్చేటప్పుడు. డీఓ (డెలివరీ ఆర్డరు) చార్జీలు, డీకన్సాలిడేషన్ (కంటైనర్‌లోని సరుకు విడదీయడం), హ్యాండ్లింగ్ అని వరసగా పెడతారు. డెస్టినేషన్ చార్జీలు ముందే మెయిల్‌లో రాయించుకోమని సీహెచ్‌ఏ చెప్పాడు. రాయించుకున్నాం కాబట్టి తర్వాత పెంచలేకపోయారు. చెన్నై నుంచి గుంటూరుకి లారీకి ఈ-వే బిల్లు, ఆధారం బిల్ ఆఫ్ ఎంట్రీయే.

కన్సల్టెన్సీ వాళ్ళు అసలు ఎత్తని విషయాలు ఇంకో రెండున్నాయి. సరుకుతో వచ్చే ప్లాస్టిక్ కవర్లకి ఇంపోర్టరుగా కాలుష్య నియంత్రణ మండలి దగ్గర ఈపీఆర్ (ఆ ప్లాస్టిక్ చెత్తకి బాధ్యత) నమోదు కావాలి. సరుకు చేతికొచ్చాక బిల్ ఆఫ్ ఎంట్రీ కాపీ బ్యాంకులో ఇచ్చి, పంపిన డాలర్లకి ఎంట్రీ మూయించుకోవాలి. లేకపోతే బ్యాంకు రికార్డులో మీరు డబ్బు పంపి సరుకు తెప్పించనివాళ్ళుగా ఉండిపోతారు, రెండో లోడుకి డబ్బు పంపబోతే అక్కడ ఆపుతారు.

సీహెచ్‌ఏకి ఐదో స్టారు ఎందుకు ఇవ్వలేదంటే, బిల్లు. ఏజెన్సీ చార్జీ 7,500 అని ముందే చెప్పాడు, సబబే. రసీదు ఉన్న ఖర్చులన్నీ స్కాన్ చేసి పంపాడు. కింద ఒక లైను మాత్రం ‘సండ్రీ 1,800’, అంటే చిల్లర ఖర్చులు. ఏమిటని అడిగితే ‘పోర్టులో అలా ఉంటుంది మేడమ్’ అన్నాడు. రసీదు లేనిది కట్టనన్నాను. రెండో లోడు బిల్లులో ఆ లైను లేదు, ఏజెన్సీ చార్జీ మాత్రం 8,500 అయింది.